రైతు పక్షపు వకీలు: షేర్-ఎ-బంగాల్ ఫజ్లుల్ హక్

న్యాయస్థానపు ద్వారం అందరికీ తెరిచే ఉంటుందని చట్టం చెబుతుంది. కాని ఆ ద్వారం వరకు నడిచి వెళ్ళగల శక్తి అందరికీ సమానంగా ఉండదు. భూస్వామి వెంట వకీలు ఉంటాడు, గుమాస్తా ఉంటాడు, తరతరాల దస్తావేజులు ఉంటాయి. రైతు చేతిలో చెల్లించిన శిస్తుకు రసీదైనా ఉండదు. వాయిదాకు వెళ్ళాలంటే ఆనాటి కూలి పోతుంది. వెళ్ళకపోతే భూమి పోతుంది. ఇట్టి అసమాన పోరాటంలో నిర్బలుని పక్షాన నిలిచి, మొదట న్యాయవాదిగా వాదించి, తరువాత శాసనకర్తగా ఆ చట్టాన్నే మార్చడానికి పూనుకొన్న ఒక మహనీయుని జీవితాన్ని మా విద్యార్థులకు పరిచయం చేయదలచాము. ఆయనే షేర్-ఎ-బంగాల్‌గా ప్రఖ్యాతి గాంచిన అబుల్ కాసిం ఫజ్లుల్ హక్.

హక్ గారు 1873 అక్టోబరు 26వ తేదీన తూర్పు బెంగాలులోని బాకర్‌గంజ్ జిల్లాలో, మాతామహుల గ్రామమైన సాతురియాలో జన్మించారు. తండ్రి కాజీ ముహమ్మద్ వాజిద్ బరిశాల్ పట్టణంలో పేరుగాంచిన న్యాయవాది. ఇంటివద్దనే అరబ్బీ, పారసీక భాషలు నేర్చి, బరిశాల్ జిల్లా పాఠశాలలో చదివి, ఉన్నత విద్యకై కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ప్రవేశించారు. రసాయన, భౌతిక, గణిత శాస్త్రాలు మూడింటిలోనూ ఆనర్సు పట్టా పొందడం, ఆపై గణితంలో ఎం.ఏ. పూర్తి చేయడం ఆయన మేధాశక్తికి తార్కాణం. ముస్లిం యువకులు ఆంగ్ల విద్యకు దూరంగా ఉన్న ఆ దినాలలో ఇది సామాన్య విషయం కాదు. 1897లో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకొని, సర్ ఆశుతోష్ ముఖర్జీ వంటి ఉద్దండుని వద్ద శిక్షణ పొంది, 1900లో కలకత్తా హైకోర్టులో వకీలుగా నమోదయ్యారు. మరుసటి సంవత్సరం తండ్రి మరణించగా బరిశాల్ చేరి అక్కడ వృత్తి సాగించారు. కొంతకాలం అచ్చటి రాజచంద్ర కళాశాలలో అధ్యాపకులుగా కూడా పనిచేశారు.

ఆయన వద్దకు వచ్చిన రైతుల అవస్థ అర్థం కావాలంటే ఆనాటి బెంగాలు భూమి వ్యవస్థను కొంత తెలుసుకోవాలి. 1793లో కారన్‌వాలిస్ ప్రభువు ప్రవేశపెట్టిన శాశ్వత శిస్తు నిర్ణయం ప్రకారం జమీందారు సర్కారుకు చెల్లించే పేష్కషు ఎన్నటికీ మారదు. కాని రైతు జమీందారుకు చెల్లించే శిస్తుకు అట్టి రక్షణ లేదు. 1799లో వచ్చిన ఏడవ రెగ్యులేషన్‌ను జనులు పారసీక పదంతో హఫ్తం అని పిలిచేవారు. బకాయి పడిన రైతు పంటను, పశువులను న్యాయస్థానంతో నిమిత్తం లేకుండానే జప్తు చేసే అధికారాన్ని అది జమీందారుకు ఇచ్చింది. 1859లోను, 1885లోను వచ్చిన చట్టాలు రైతుకు కొంత ఊరట కలిగించాయి. ఒకే గ్రామంలో పన్నెండు సంవత్సరాలు భూమి సాగుచేసిన రైతుకు ఆక్రమణ హక్కు లభించింది. అయితే 1859 చట్టం క్రింద ఆ పన్నెండేళ్ళను కాగితాలతో నిరూపించవలసింది రైతే. రసీదు ఇవ్వవలసింది మాత్రం జమీందారు కచేరీ. చట్టానికీ దాని ఫలితానికీ మధ్యనున్న ఈ అగాధంలోనే రైతు పడిపోయేవాడు.

శిస్తుతోనే బాధ తీరేది కాదు. జమీందారు ఇంట పెళ్ళి జరిగినా, పండుగ జరిగినా అబ్వాబ్ అనే పేరిట అక్రమ వసూళ్ళు జరిగేవి. రైతు తన భూమిని అమ్ముకొంటే జమీందారుకు సలామీ చెల్లించాలి. సలామీ అంటే గౌరవ సూచకమైన కానుక అని మన విద్యార్థులకు తెలుసు. 1928 నాటి సవరణ చట్టం ఆ కానుకను శాసనబద్ధం చేసి, అమ్మకపు ధరలో నూటికి 20 వంతులు జమీందారుకు చెందాలని నిర్ణయించింది. మర్యాదకు పెట్టిన పేరు చివరకు పన్నుగా పరిణమించింది!

ఇచ్చట ఒక ముచ్చట చెప్పుకోవాలి. ప్రజ అంటే తెలుగులో జనం. బెంగాలు పల్లెలలో ప్రజ అంటే జమీందారు క్రింది రైతు. కనుక ఆ ప్రాంతంలో ప్రజా ఉద్యమం అంటే రైతుల ఉద్యమమే. మనం నిత్యం వాడే హక్కు అనే మాట కూడా అరబ్బీ పదమైన హక్ నుండి వచ్చినదే. ప్రజల హక్కు కొరకు నిలిచిన ఈ పెద్దమనిషి పేరులోనే ఆ మాట ఉండడం ఎంత సార్థకం!

1906లో హక్ గారు ప్రభుత్వ కొలువులో ప్రవేశించి డిప్యూటీ మేజిస్ట్రేటు అయ్యారు. పిమ్మట సహకార సంఘాల అసిస్టెంటు రిజిస్ట్రారుగా ఊరూరా తిరిగారు. రైతు అప్పు ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతున్నదో ఆయన ప్రత్యక్షంగా చూచినది అప్పుడే. కొద్ది సంవత్సరాలకే కొలువు విడిచి తిరిగి కలకత్తా హైకోర్టులో వకీలు అయ్యారు. 1913లో బెంగాల్ శాసన మండలికి ఎన్నికయ్యారు. 1914లో మైమన్‌సింగ్ జిల్లా జమాల్‌పూర్ ప్రాంతంలో జరిగిన రైతు సమ్మేళనంలో పాల్గొన్నారు. 1916 నాటి లక్నో ఒడంబడికలోను, 1919 పంజాబు దురంతాలపై కాంగ్రెసు నియమించిన విచారణ సంఘంలోను ఆయన పాత్ర ఉన్నది. గాంధీజీ, చిత్తరంజన్ దాస్, అబ్బాస్ త్యాబ్జీ గార్లతో పాటు ఆయన కూడా ఆ సంఘ సభ్యులుగా నియమితులయ్యారు. సహాయ నిరాకరణ కాలంలో విద్యాలయాల బహిష్కరణను మాత్రం ఆయన అంగీకరించలేదు. చదువు అప్పుడప్పుడే అందుతున్న సమాజం బడి మానుకొంటే మిక్కిలి నష్టపడుతుందని ఆయన అభిప్రాయం. 1924లో విద్యామంత్రిగా ఉన్న కొద్ది మాసాలలో కలకత్తా ఇస్లామియా కళాశాల స్థాపనకు కృషి చేశారు. 1926లో ఆరంభమైన ఆ కళాశాల నేడు మౌలానా ఆజాద్ కళాశాలగా పిలువబడుచున్నది.

1929లో నిఖిల బంగ ప్రజా సమితి ఏర్పడింది. 1936 నాటికి అది హక్ గారి నాయకత్వాన కృషక్ ప్రజా పార్టీగా రూపొందింది. ప్రతిఫలం చెల్లించకుండా జమీందారీని రద్దు చేయాలనీ, ప్రతి ఇంట పప్పన్నానికి లోటు ఉండరాదనీ ఆ పార్టీ ప్రచారం చేసింది. 1937 ఎన్నికలలో పటుయాఖాలీ స్థానంలో ఢాకా నవాబుల వంశీయులైన సర్ ఖ్వాజా నాజిముద్దీన్ గారిని హక్ గారు ఓడించారు. ఏ పార్టీకీ పూర్తి బలం రాలేదు. కాంగ్రెసు కలిసి రాకపోవడంతో ముస్లిం లీగుతో చేయి కలిపి ఆయన బెంగాలు ప్రధానమంత్రి అయ్యారు. విధి వైచిత్ర్యం ఏమంటే, రైతు పేరిట గెలిచిన నాయకుని మంత్రివర్గంలో ఢాకా నవాబు, కాసింబజార్ మహారాజు వంటి భూస్వాములే బలంగా ఉన్నారు.

అట్టి సంకెళ్ళ నడుమ కూడా ఆయన ప్రభుత్వం చేసిన పని తక్కువ కాదు. 1938 నాటి బెంగాల్ కౌలు సవరణ చట్టం సలామీని రద్దు చేసింది. అమ్మిన భూమిని జమీందారే ముందుగా కొనే అధికారాన్ని తొలగించింది. పది సంవత్సరాల వరకు శిస్తు పెంపుదలను నిలిపివేసింది. బకాయిపై వడ్డీని నూటికి 12.5 నుండి 6.25కు తగ్గించింది. నది కోతకు మునిగిన భూమి ఇరవై ఏళ్ళలోగా తిరిగి బయటపడితే, నాలుగేళ్ళ శిస్తు చెల్లించి పాత రైతే దానిని పొందవచ్చునని నిర్దేశించింది. నదుల నడుమ నివసించే బరిశాల్ రైతుకు ఈ ఒక్క నిబంధన ఎంతటి వరమో ఊహించుకోవచ్చు.

అంతకుముందే శాసనమైన వ్యవసాయ ఋణగ్రస్తుల చట్టం క్రింద గ్రామ ప్రాంతాలలో ఋణ పరిష్కార మండళ్ళు విస్తరించాయి. అప్పుపడిన రైతు పట్టణపు సివిల్ కోర్టుకు పోనవసరం లేకుండా తన ప్రాంతంలోని మండలికే దరఖాస్తు పెట్టుకోవచ్చును. మండలి నోటీసు అందగానే కోర్టులోని దావా నిలిచిపోయేది. అప్పు మొత్తాన్ని తగ్గించి వాయిదాలుగా విభజించేవారు. న్యాయం కొరకు రైతు నడవడం మాని, న్యాయమే రైతు వద్దకు నడిచి రావడం ఇందలి విశేషం. 1940 నాటి వడ్డీ వ్యాపారుల చట్టం తాకట్టు అప్పుపై నూటికి 8, తాకట్టు లేని అప్పుపై నూటికి 10కి మించి వడ్డీ పనికిరాదని కట్టడి చేసింది.

అయితే చరిత్రను వ్రాసేటప్పుడు గుణదోషాలు రెండూ చెప్పడం న్యాయం. ఈ చట్టాల వలన అధికంగా లాభపడినది ఆక్రమణ హక్కు గల రైతులే. పంటలో సగం ఇచ్చి సాగుచేసే బర్గాదారులకు ఏ రక్షణా లభించలేదు. వడ్డీ వ్యాపారి భయపడి చేయి ముడుచుకోగా, ఆ స్థానంలో చాలినంత సహకార ఋణం ఏర్పాటు కాలేదు. అవసరానికి అప్పు పుట్టని రైతు భూమినే అమ్ముకోవలసి వచ్చింది. 1938లో నియమితమైన ఫ్లౌడ్ సంఘం 1940లో నివేదిక సమర్పించి, జమీందారీని ప్రభుత్వమే కొనివేయాలనీ, బర్గాదారుకు మూడింట రెండు వంతుల పంట దక్కాలనీ సిఫారసు చేసింది. హక్ గారి పాలనలో అది కార్యరూపం దాల్చలేదు. 1946లో ఆ రెండు వంతుల కొరకే తెభాగా పోరాటం చెలరేగింది.

రాజకీయాలలోనూ ఆయన ఒకేచోట నిలువలేదు. 1940లో లాహోర్ తీర్మానాన్ని ప్రతిపాదించిన వారే 1941లో లీగుతో తెగతెంపులు చేసుకొని శ్యామాప్రసాద్ ముఖర్జీ గారితో కలిసి మంత్రివర్గం నిర్మించారు. 1943 మార్చిలో గవర్నరు ఒత్తిడికి లోనై రాజీనామా చేశారు. దేశ విభజన పిదప ఢాకాలో స్థిరపడ్డారు. 1950లో తూర్పు బెంగాలులో జమీందారీ రద్దు శాసనం వచ్చింది. 1954లో ఐక్య సంఘటన నాయకునిగా ఘనవిజయం సాధించి ముఖ్యమంత్రి అయినా, రెండు మాసాలు గడవకముందే కేంద్రం ఆ ప్రభుత్వాన్ని తొలగించింది. 1956 నుండి 1958 వరకు తూర్పు పాకిస్తాన్ గవర్నరుగా ఉన్నారు. 1962 ఏప్రిల్ 27న ఢాకాలో పరమపదించారు. నేడు బంగ్లాదేశ్ రాజధానియైన ఆ నగరంలో, ఒకనాటి ప్రత్యర్థి నాజిముద్దీన్ గారి సమాధి చెంతనే ఆయన సమాధి కూడా ఉన్నది.

ఈ గాథ మనకు పరాయిది కాదు. శాశ్వత శిస్తు నిర్ణయం 1802లో ఉత్తర సర్కారులకూ వచ్చింది. అచ్చటి జమీందారీ రైతుల కష్టాలను ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు గారి సంఘం విచారించి 1938లోనే నివేదిక ఇచ్చింది. ఆయన కూడా న్యాయవాదియే. బంగాళాఖాతపు తీరాన ఒకే కాలంలో ఇద్దరు వకీళ్ళు ఒకే వ్యాజ్యాన్ని చేపట్టారనడం అతిశయోక్తి కాదు. తెలంగాణలో జాగీర్ల రద్దు 1949లోను, కౌలుదారీ చట్టం 1950లోను వచ్చాయి.

మా విద్యార్థులలో కొందరు రేపు న్యాయశాస్త్రం చదువుతారు. మరికొందరు తహసీలు కచేరీలలో ఉద్యోగులవుతారు. మీ బల్ల ముందుకు ఒక కౌలు రైతో, అద్దె ఇంటి నుండి గెంటివేయబడిన ఒక వృద్ధురాలో చేతిలో నలిగిన కాగితంతో వచ్చి నిలబడవచ్చును. ఆ కాగితం చదవలేని వారికి చదివి చెప్పడం, గడువు ఎప్పటితో ముగుస్తుందో తెలపడం, చెల్లించిన సొమ్ముకు రసీదు అడిగి తీసుకొమ్మని బోధించడం చిన్న పనులుగా కనిపించవచ్చు. బెంగాలు రైతు భూమి కోల్పోయినది తరచుగా ఇంతటి చిన్న సహాయం అందకనే. ఫజ్లుల్ హక్ గారు సాధించిన దానిని గౌరవిద్దాము. ఆయన చట్టాలకు అందక మిగిలిపోయిన బర్గాదారును కూడా మరువకుందాము. చదువుకున్నవారి బాధ్యత అక్కడి నుండే ఆరంభమవుతుందని మా విశ్వాసం.