రాతిపొరలను చదివిన పీఠాధిపతి



కాలేజీలో సైన్సు చదివే మన బిడ్డలు ఒక్కోసారి ఇలా అడుగుతుంటారు: భూమి వయసు కోట్ల సంవత్సరాలని పాఠ్యపుస్తకం చెబుతున్నది, ఆదికాండము ఆరు దినాలంటున్నది, దేనిని నమ్మాలి? ఈ ప్రశ్నకు భయపడి బిడ్డల నోరు మూయించే తల్లిదండ్రులు ఉన్నారు. అటువంటివారు ధన్యజీవి నీల్స్ స్టెన్సెన్ జీవితం తెలుసుకోవాలి. భూగర్భశాస్త్రానికి పునాది వేసిన ఈ మహనీయుడు మన కతోలిక పీఠాధిపతి!

స్టెన్సెన్ 1638 జనవరిలో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో, లూథరన్ మతస్థుడైన ఒక స్వర్ణకారుని ఇంట జన్మించారు. వైద్యశాస్త్రం అభ్యసించి, చెవి దగ్గరి గ్రంథి నుండి నోటిలోకి లాలాజలం తెచ్చే నాళాన్ని 1660లో కనుగొన్నారు. వైద్య విద్యార్థులు నేటికీ దానిని ఆయన పేరుతోనే పిలుస్తారు. 1666లో ఆయన ఇటలీలోని ఫ్లోరెన్సు చేరారు.

ఆ యేడు అక్టోబరులో లివోర్నో రేవు దగ్గర జాలరులకు ఒక పెద్ద సొరచేప దొరికింది. టస్కనీ ప్రభువు రెండవ ఫెర్డినాండు దాని తలను పరిశీలనకై స్టెన్సెన్‌కు అప్పగించారు. దాని పళ్లు, మాల్టా ద్వీపపు రాళ్లలో దొరికే 'నాలుకరాళ్లు' ఒకే తీరుగా ఉన్నాయి. పునీత పౌలుగారు ఆ ద్వీపంలో సర్పం వలన హాని పొందక బయటపడినప్పుడు, అక్కడి పాముల నాలుకలు రాళ్లయ్యాయని జనం నమ్మేవారు. విషానికి విరుగుడని వాటిని ధరించేవారు. అవి సొరచేపల పళ్లేనని ఫాబియో కొలొన్నా అనే పండితుడు 1616లోనే చెప్పాడు. స్టెన్సెన్ అక్కడ ఆగలేదు. సముద్రజీవి పళ్లు కొండరాతి మధ్యకు ఎలా వచ్చాయని ఆలోచించారు.

దానికి జవాబు 1669లో ప్రచురించారు. నీటిలోని మట్టి, ఇసుక మెల్లగా అడుగుకు దిగి పరుచుకుంటాయి. పొరమీద పొర పేరుకొని, గట్టిపడి రాయి అవుతుంది. కింది పొర ముందుది, పై పొర తరువాతిది. మొదట పొరలన్నీ సమంగా పరుచుకున్నవే. ఏటవాలుగా ఉంటే ఆ తరువాత నేల కదిలిందన్నమాట. సముద్రపు ఉప్పు, గవ్వలు కనిపించిన చోట ఒకనాడు సముద్రం ఉండేది.

ఈ బాటలోనే తరువాతి శాస్త్రజ్ఞులు మరెంతో తెలుసుకున్నారు. మన ఉప్పుమళ్లలో నీరు ఇగిరి ఉప్పు మిగిలినట్టే, ఎండిపోయిన సముద్రపు పాయలలో రాతిఉప్పు, జిప్సం పొరలు ఏర్పడ్డాయి. గవ్వలు, పగడాలు, కంటికి ఆనని జీవుల గుల్లలు కుప్పపడి సున్నపురాయి అయ్యాయి. అలలు ఇసుకపై వేసిన ముడతలు, బురద ఎండి చీలిన బీటలు సైతం రాతిలో నిలిచిపోయాయి. మన కడప జిల్లా వేంపల్లె ప్రాంతపు రాళ్లలో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన గుమ్మటాల వంటి ఆకారాలు ఉన్నాయి. వాటి వయసు 150 కోట్ల సంవత్సరాలకు పైమాటే!

స్టెన్సెన్‌కు ఇంత లెక్క తెలియదు. కొన్నివేల ఏళ్ల చరిత్రలోనే, జలప్రళయంతో ముడిపెట్టి, ఆ పొరలను వివరించారు. ఆదికాండము రాళ్ల వయసు చెప్పే పుస్తకం కాదనీ, సృష్టికర్త ఎవరో తెలిపే గ్రంథమనీ శ్రీసభ నేడు మనకు బోధిస్తున్నది.

సత్యాన్ని వెదకే ఆ మనసే ఆయనను శ్రీసభలోకి నడిపించింది. 1666లో లివోర్నోలో దివ్యసత్ప్రసాద ప్రదక్షిణ చూసి, ఆ అప్పంలో ప్రభువు నిజంగా ఉంటే తాను ఆరాధించకుండా ఎలా ఉండగలనని కలవరపడ్డారు. ఎంతో చదివి, విచారించి, ప్రార్థించి 1667లో కతోలికులయ్యారు. 1675లో గురుపట్టం పొందారు. 1677లో పీఠాధిపతిగా అభిషిక్తులై, కతోలికులు కొద్దిమందే ఉన్న ఉత్తర ఐరోపాకు వెళ్లారు. కీర్తి తెచ్చిన పరిశోధనలను ఆత్మల రక్షణకోసం వదులుకున్నారు. తన ఉంగరాన్ని, సిలువను అమ్మి పేదలకు పంచారు. 1683లో మ్యూన్‌స్టర్ పీఠాధిపతి ఎన్నికలో ధనం ప్రవేశించినప్పుడు, దానిని నిరసించి ఆ నగరం విడిచారు. 1686లో ష్వెరిన్ పట్టణంలో, 48వ యేట, నిరుపేదగా కన్నుమూశారు. 1988 అక్టోబరు 23న పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు ఆయనను ధన్యజీవిగా ప్రకటించారు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ ప్రశ్న అడిగితే కసరకండి. కూర్చోబెట్టుకొని పూర్తిగా వినండి. మీకు తెలియనిది మీ విచారణ గురువును అడగండి. రాళ్లను చేసినవాడూ, లేఖనాలను ఇచ్చినవాడూ ఒక్క దేవుడే. ప్రశ్నించే బిడ్డ విశ్వాసం పోగొట్టుకుంటున్నాడని అనుకోవద్దు. స్టెన్సెన్ ప్రశ్నిస్తూనే ప్రభువు పీఠం దగ్గరకు చేరారు. మన బిడ్డలకోసం ఆ ధన్యజీవి వేడుదలను కోరుకుందాం.