రాబర్ట్ వాగ్నర్: ఒక శాసనసభ్యుని కథ

పింఛను దయాధర్మం కాదు, హక్కు అని మన సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న నకారా కేసులో తీర్పు చెప్పింది. ఆ రోజును మనం ఏటా తలచుకుంటాం. అమెరికాలో సామాన్య కార్మికుడికి వృద్ధాప్య పింఛను తెచ్చిన చట్టం వెనుక నిలిచిన ముఖ్యులలో రాబర్ట్ వాగ్నర్ ఒకరు. ఆయనకు తొలి బడి ఒక రాష్ట్ర శాసనసభ. అందుకే ఆయన గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

వాగ్నర్ 1877లో జర్మనీలో పుట్టారు. ఆయన చిన్నతనంలోనే కుటుంబం న్యూయార్క్ చేరింది. తండ్రి ఒక భవనాన్ని ఊడ్చి శుభ్రం చేసే పనిలో కుదిరారు. పిల్లవాడు వీధుల్లో పత్రికలు అమ్ముతూ చదువుకున్నాడు. 1900లో న్యాయశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నారు. 1905లో న్యూయార్క్ రాష్ట్ర దిగువ సభలోను, 1909లో ఎగువ సభలోను అడుగుపెట్టి, 1911 నాటికి ఎగువ సభకు నాయకులయ్యారు. అప్పటికి ఆయన డెమోక్రాటిక్ పార్టీ పెద్దల మాట జవదాటని మనిషి.

1911 మార్చి 25న న్యూయార్క్ నగరంలో ట్రయాంగిల్ అనే బట్టలు కుట్టే ఫ్యాక్టరీ తగలబడింది. మంటలు ఎనిమిది, తొమ్మిది, పది అంతస్తుల్లో. తొమ్మిదో అంతస్తులో ఒక తలుపుకు తాళం. అగ్నిమాపక దళం నిచ్చెనలు అంత ఎత్తు అందలేదు. 146 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది వలస వచ్చిన పేద యువతులు. యజమానులు మాత్రం ఆ డిసెంబరులో నిర్దోషులుగా బయటపడ్డారు.

శాసనసభ వేసిన విచారణ సంఘానికి వాగ్నర్ అధ్యక్షులు, ఆల్ స్మిత్ ఉపాధ్యక్షులు. వారు ఫ్యాక్టరీలకు స్వయంగా వెళ్లారు. ఫ్రాన్సెస్ పెర్కిన్స్ అనే కార్యకర్త ఒకచోట వాగ్నర్‌ను గోడలోని చిన్న కంతలోంచి పాకించారు. అవతల మంచు పట్టిన నిచ్చెన. అది నేలకు పన్నెండు అడుగుల పైనే ఆగిపోయింది. అగ్నిప్రమాదంలో కార్మికులు తప్పించుకోవలసిన దారి అదే! తర్వాతి మూడేళ్లలో తలుపుల తాళాల మొదలు ఆడవారి పనిగంటల దాకా ముప్పైకి పైగా చట్టాలు వచ్చాయి.

1927లో ఆయన దేశపు సెనేట్‌కు వెళ్లారు. 1935లో కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కునిచ్చిన చట్టం ఆయన పేరుతోనే వాడుకలోకి వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 14న సామాజిక భద్రతా చట్టం వచ్చింది. సెనేట్‌లో ఆ బిల్లును ప్రవేశపెట్టింది ఆయనే. అప్పటికి పెర్కిన్స్ కార్మిక మంత్రి. కార్మికుడు, యజమాని చెరికొంత జమచేసే ఆ పద్ధతిలో నెలనెలా పింఛను 1940 జనవరి నుంచి అందింది. పొలం కూలీలను, ఇంటి పనివారిని మొదట వదిలేయడం ఆ చట్టంలో పెద్ద లోటు. 1950 నుంచి వారినీ చేర్చుకుంటూ వచ్చారు.

అనారోగ్యంతో 1949లో పదవి వదిలిన వాగ్నర్ 1953 మే 4న కన్నుమూశారు.

ఆయన చదివిన నివేదికలకన్నా, ఆ కంతలోంచి పాకి చూసిన నిచ్చెనే ఆయనకు ఎక్కువ నేర్పిందని నా నమ్మకం. మన వినతిపత్రాలు అందుకునే ప్రజాప్రతినిధులు కూడా, మంచం పట్టిన ఒక పింఛనుదారు ఇంటికి ఒక్కసారి వెళ్లి చూస్తే ఎంత మేలో!