థియోడోర్ రూజ్‌వెల్ట్

థియోడోర్ రూజ్‌వెల్ట్ (అక్టోబరు 27, 1858 - జనవరి 6, 1919) అమెరికా సంయుక్త రాష్ట్రాల 26వ అధ్యక్షుడు, రచయిత, నోబెల్ శాంతి బహుమతి గ్రహీత. బాల్యంలో తీవ్రమైన ఉబ్బసంతో బాధపడ్డాడు. ఆ వ్యాధి పట్ల కుటుంబం, ముఖ్యంగా తండ్రి, చూపిన వైఖరి ఇతని వ్యక్తిత్వంపై చెరగని ముద్ర వేసింది.

కుటుంబం

రూజ్‌వెల్ట్ న్యూయార్క్ నగరంలో ఒక సంపన్న కుటుంబంలో జన్మించాడు. తండ్రి పేరు కూడా థియోడోర్, తల్లి మార్తా. నలుగురు సంతానంలో ఇతడు రెండవవాడు. అక్క అన్నాకు వెన్నెముక వ్యాధి, చెల్లెలు కొరిన్‌కు ఉబ్బసం ఉండేవి. అన్నా వ్యాధి కారణంగానే తండ్రి 1866లో న్యూయార్క్‌లో ఎముకల వ్యాధుల ఆసుపత్రి స్థాపనకు తోడ్పడ్డాడు.

ఉబ్బసం

రాత్రివేళ ఊపిరాడక బాలుడు దిండ్లకు ఆనుకొని కూర్చునేవాడు. తండ్రి అతనిని ఎత్తుకొని గదిలో పచార్లు చేసేవాడు. ఒక్కోసారి గుర్రపుబండిలో చల్లగాలికి తిప్పేవాడు. ఆనాటి పద్ధతి ప్రకారం చిక్కని కాఫీ తాగించారు, చుట్టపొగ పీల్పించారు. కాఫీలోని కెఫీన్ శ్వాసనాళాలను కొంత సడలిస్తుంది. పొగ మాత్రం హానికరం. ఉబ్బసం ఎక్కువగా ఆదివారాల ప్రాంతంలో వచ్చేదని, దీనికి తండ్రి సాన్నిధ్యం కోసం బాలుడు పడిన ఆరాటంతో సంబంధం ఉండవచ్చని చరిత్రకారుడు డేవిడ్ మెకల్లో అభిప్రాయపడ్డాడు. ఇది నటన అని అర్థం కాదు. మానసిక ఉద్వేగాలు ఉబ్బసాన్ని ప్రేరేపించగలవు.

వ్యాయామం

సుమారు 12వ ఏట, బుద్ధికి తగిన దేహాన్ని స్వయంగా నిర్మించుకోవాలని తండ్రి ఇతనికి బోధించాడు. ఇంట్లోనే వ్యాయామశాల ఏర్పాటు చేయించాడు. ఉబ్బసం తిరగబెట్టగా గాలిమార్పు కోసం మెయిన్ రాష్ట్రానికి వెళుతున్నప్పుడు ఇద్దరు బాలురు ఇతనిని ఏడిపించారు. వారిని ఎదిరించలేకపోయిన అవమానంతో, తండ్రి అనుమతి పొంది ముష్టియుద్ధం నేర్చుకున్నాడు.

సంకల్పబలంతో ఉబ్బసాన్ని జయించాడనే కథ బహుళ ప్రచారంలో ఉంది. నిజానికి యౌవనంలో కూడా ఆ బాధ అప్పుడప్పుడు తిరగబెట్టేది. పైగా అనేకమంది పిల్లలలో ఉబ్బసం వయసుతోపాటు తగ్గుతుంది. తండ్రి ఆదరణ బాలునికి ధైర్యాన్నిచ్చింది. కానీ బలహీనతను సహించరాదనే భావన కూడా ఆ ఇంటి నుండే అతనికి సంక్రమించింది.

తరువాతి జీవితం

1876లో హార్వర్డ్ కళాశాలలో చేరాడు. 1878లో తండ్రి మరణం ఇతనిని కృంగదీసింది. 1884లో ఒకే రోజున తల్లి, భార్య మరణించగా డకోటా ప్రాంతానికి వెళ్ళి పశువుల పెంపకం చేపట్టాడు. 1901లో మెకిన్లీ హత్యానంతరం 42 ఏళ్ళ వయసులో అధ్యక్షుడై, 1909 వరకు కొనసాగాడు. రష్యా-జపాన్ యుద్ధంలో సంధి కుదిర్చినందుకు 1906లో నోబెల్ బహుమతి పొందాడు. విస్తారమైన అటవీ ప్రాంతాలకు రక్షణ కల్పించాడు.

1913లో వెలువడిన ఆత్మకథలో తండ్రిని తానెరిగినవారందరిలో ఉత్తమునిగా స్మరించాడు. తాను నిజంగా భయపడినది కూడా ఆయనకేనని తెలిపాడు. 1919లో ఆయిస్టర్ బేలోని స్వగృహంలో నిద్రలోనే మరణించాడు.