రెండో భీముడు – కోడి రామ్మూర్తి నాయుడు

ఈసారి గోడ పత్రికలో జీవిత చరిత్ర రాసే వంతు నాకు వచ్చింది. మన కొమురం భీం తాత గురించి అక్కలు ఇదివరకే రాసిండ్రు. అందుకని నేను కలియుగ భీముడు అని పేరు వచ్చిన ఇంకొక ఆయన గురించి రాస్తున్న.

కోడి రామ్మూర్తి నాయుడు గారు 1882లో వీరఘట్టంలో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. ఆ జిల్లాలో కూడా మన లెక్కనే సవరలు, జాతాపులు అనే ఆదివాసులు ఉంటరు. ఆయన తండ్రి వెంకన్న నాయుడు. చిన్నప్పుడే తల్లి చనిపోయింది. చదువు మీద మనసు నిలిచేది కాదు. తండ్రి కోప్పడితే అడవికి పారిపోయి, వారం తర్వాత పులిపిల్లతో తిరిగి వచ్చిండని చెప్పుకుంటరు. నేను కూడా ఐదో తరగతిలో ఒకసారి హాస్టల్ గోడ దూకి ఇంటికి పోయిన. నాకు పులిపిల్ల దొరకలేదు. బాపు చేతిల దెబ్బలు దొరికినయి.

తర్వాత తండ్రి ఆయనను విజయనగరంలోని చిన్నాయన నారాయణస్వామి గారి ఇంటికి పంపిండు. అక్కడ వ్యాయామశాలలో చేరి కసరత్తు, కుస్తీ నేర్చుకున్నడు. 21 ఏండ్లకే ఛాతీ మీద ఒకటిన్నర టన్నుల బరువు మోసేవాడని చెబుతరు. మద్రాసు సైదాపేటలో ఒక సంవత్సరం వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో తాను చదివిన బడికే వ్యాయామ టీచరుగా వచ్చిండు. చదువు మీద మనసు నిలవని పిలగాడే టీచర్ అయిండు. ఈ మాట నాకు చాలా నచ్చింది.

తర్వాత పొట్టి పంతులు గారి సాయంతో సర్కస్ కంపెనీ పెట్టిండు. ఛాతీకి ఇనుప గొలుసు కట్టించుకొని, గట్టిగా ఊపిరి పీల్చి దాన్ని తెంపేవాడు. కార్లను తాళ్ళతో కట్టి కదలకుండా ఆపేవాడు. ఛాతీ మీద పలక వేయించుకొని ఏనుగును ఎక్కించుకునేవాడు. పలక వెడల్పుగా ఉంటే బరువు ఒక్క దగ్గర పడకుండా పరుచుకుంటది. ఇది మన సైన్సులో పీడనం పాఠంలో ఉన్నదే. అయినా ఏనుగు ఏనుగే కదా. ఆయన శాకాహారి, రోజూ ప్రాణాయామం చేసేవాడు. లండన్‌లో జార్జి రాజు, మేరీ రాణి ఆయన ప్రదర్శన చూసి ఇండియన్ హెర్క్యులస్ అనే బిరుదు ఇచ్చిండ్రు.

ఆ కాలంలోనే, 1910లో, గామా పహిల్వాన్ లండన్ పోయిండు. పొట్టిగా ఉన్నడని ఆయనను పోటీలో చేర్చుకోలేదు. ఆయన ఊరుకోకుండా అందరికీ సవాలు విసిరి, రోలర్ అనే పహిల్వాన్‌ను పడగొట్టిండు. అప్పుడు లోపలికి రానిచ్చిండ్రు. సెప్టెంబర్ 10న జబిస్కోతో రెండున్నర గంటలకు పైగా పట్టినా ఎవరూ గెలువలేదు. మళ్ళీ 17న పెడితే జబిస్కో రానే లేదు. బెల్టు గామాకే ఇచ్చిండ్రు.

ఇది చదివినప్పుడు నాకు ఏడుపు వచ్చింది. పోయిన ఏడాది ఆటల పోటీలకు పేర్లు రాసినప్పుడు, బక్కగ ఉన్నవని నా పేరు రాయలేదు. నాకు గామా లెక్క సవాలు విసురుడు రాలేదు. రెండు రోజులు ఎవరితో మాట్లాడలేదు, అంతే.

రామ్మూర్తి గారికి చివరి రోజుల్లో కాలికి పుండు లేచి కాలు తీసేసిండ్రు. ఏనుగును మోసిన మనిషి ఒక్క కాలితో మిగిలిండు. 1942 జనవరిలో ఒరిస్సాలోని బలంగీర్‌లో చనిపోయారు. విశాఖపట్నం సముద్రం ఒడ్డున ఆయన విగ్రహం ఉంది. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టిండ్రు.

ఆయన బలం పుట్టుకతోనే మొత్తం రాలేదు. చిన్నాయన ఇల్లు ఇచ్చిండు, వ్యాయామశాల చేర్చుకున్నది. చేర్చుకుంటేనే కదా ఎవరి బలమైనా తెలిసేది.

మన ఆదిలాబాదు, నిజామాబాదు పక్క జాతరల్లో కుస్తీ ఎట్ల పెడతరో మీకు తెలుసు. ముందు చిన్న పిల్లలకు కొబ్బరికాయ కుస్తీ. తర్వాత పైసల కుస్తీలు. అన్నిటికన్న చివర వెండి కడెం కుస్తీ. తూకం మిషన్ ఉండదు. పెద్దమనుషులు కంటితో చూసి ఈడుకు ఈడు జోడి కలుపుతరు. అందుకే ఎంత చిన్నోనికైనా ఒక జోడి దొరుకుతది. కానీ అక్కడ మన ఆడపిల్లలం చుట్టూ నిలబడి చూసుడే.

వార్డెన్ మేడం గారికి నా మనవి ఒకటే. ఈసారి జనవరి 26 ఆటల్లో పెద్ద అక్కల కబడ్డీ కన్న ముందు, ఐదో తరగతి నుండి బక్క పిల్లలందరికీ జోడీలు కలిపి ఒక కొబ్బరికాయ పోటీ పెట్టండి. కొబ్బరికాయ మేమే చందా వేసుకొని నస్పూర్ అంగడిలో తెస్తం. ఓడిపోయిన వాళ్లకు కూడా ఒక ముక్క పెడతం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని