విలియం విదరింగు

మోతాదు మీరిన మందు విషమగును. ఈ సత్యమును రోగుల చెంతనే పరిశీలించి లోకమునకు దెలిపిన వైద్యుడు విలియం విదరింగు.

ఆయన 1741లో ఇంగ్లాండునందలి వెల్లింగ్టను పట్టణమున జన్మించెను. ఎడింబరోలో వైద్యము నభ్యసించి, 1775లో బర్మింగుహాము చేరెను. ఒడలు నీరుపట్టు ఉబ్బురోగమునకు శ్రాప్‌షైరు సీమలో నొక వృద్ధురాలు రహస్యముగా వాడుచుండిన మందు ఆ యేటనే ఆయన పరీక్షకు వచ్చెను. అందు ఇరువదియో అంతకు మించియో మూలికలున్నను, పనిచేయునది డిజిటాలిస్ ఆకొక్కటియే యని ఆయన గ్రహించెను.

తొలుత ఆయనయు మోతాదు మించి యిచ్చెను. ఆ పొరపాటును దాచలేదు. పదేండ్లు శ్రమించి, గుణమిచ్చినవియు నీయనివియు నన్ని చికిత్సలను 1785లో గ్రంథముగా బ్రకటించెను. ఎండిన యాకుపొడి పెద్దలకు ఒకటి మొదలు మూడు గ్రెయినుల వరకు దినమునకు రెండుమారు లీయవలెననియు, మూత్రము విశేషముగా వెడలినను, నాడి మందగించినను, వాంతిగాని విరేచనముగాని కలిగినను వెంటనే మాన్పవలెననియు విధించెను. గ్రెయినన సుమారు 65 మిల్లీగ్రాములు. ఆయన 1799లో దివంగతుడయ్యెను.

ఆ జాతి మొక్కనుండి తీసిన డిగాక్సినును నేటికిని వైద్యులు వాడుచున్నారు. దాని నిచ్చుటకు ముందు నర్సు నిండు నిమిషము గుండెచప్పుడు లెక్కించును. పెద్దలకది 60కి తగ్గినచో మందాపి డాక్టరునకు దెలుపును. మందు పేరు నేర్చిన జాలదు. దాని హద్దు నెరుగవలెను.