సింహాద్రిపురం పిల్లవాడు

ప్రత్యేక సంచికకు మన జిల్లా ప్రముఖులలో ఒకరిని గురించి రాయమని కార్యదర్శి గారు కోరగానే నాకు తట్టిన పేరు హాస్యనటులు బి. పద్మనాభం గారిది.

పూర్తి పేరు బసవరాజు వెంకట పద్మనాభరావు. 1931 ఆగస్టు 20న కడప జిల్లా పులివెందుల తాలూకా సింహాద్రిపురంలో పుట్టారు. నేను పులివెందులలో గుమాస్తాగా ఉన్న రోజుల్లో లెక్కల పని మీద ఆ ఊరికి చాలాసార్లు వెళ్ళాను. అన్నీ మెట్ట పొలాలు, వాన కోసం ఎదురుచూపులు. అక్కడినుంచి మద్రాసు చేరిన పిల్లవాడికి ఉన్న ఆస్తి పద్యం పాడే గొంతు ఒక్కటే. మన సీమలో అప్పట్లో పౌరాణిక నాటకమంటే తెల్లవార్లూ కూర్చునేవారు. రాగం తీసి పద్యం చదివే కుర్రవాడంటే ఊరందరికీ ముద్దు. అయితే ఆ ముద్దు మద్రాసులో అన్నం పెట్టదు కదా!

అన్నం పెట్టింది కన్నాంబ గారు. అప్పటికే ఆమె మహానటి. భర్త కడారు నాగభూషణం గారితో కలిసి రాజరాజేశ్వరి ఫిలిం కంపెనీ నడుపుతున్నారు. ఇంటికి వచ్చిన ఆ అబ్బాయి పద్యం విని, తన నీడన ఉండనిచ్చారు. ఆ తల్లి తలుపు తీయకపోతే ఏమయ్యేవాడోనని నేను చాలాసార్లు అనుకున్నాను. 1940లలోనే చిన్న చిన్న వేషాలు దొరికాయి.

పేరు తెచ్చింది 1951 నాటి పాతాళభైరవి. మాంత్రికుడి శిష్యుడు సదాజపుడి వేషం. అప్పటికి ఆయనకు ఇంకా ఇరవై నిండలేదు. ఆ సినిమా తీసిన నాగిరెడ్డి గారిది కూడా కడప జిల్లాయే, పొట్టిపాడు. కొన్నేళ్ళ తర్వాత మా నాన్నగారు నన్ను టూరింగ్ టాకీసుకు తీసుకెళ్ళి, నేల మీద కూర్చోబెట్టి, ఆ సంగతి పక్కవాళ్ళందరికీ చెప్పారు.

తర్వాత ఆయనే నిర్మాత అయ్యారు. 1965లో దేవత తీశారు. 1967 నాటి శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్నలో ఒక ఇంజనీరింగ్ విద్యార్థి చేత మొదటిసారి పాడించారు. ఆ విద్యార్థే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. కొత్త గొంతును నమ్మినప్పుడు కన్నాంబ గారి ఇల్లు గుర్తొచ్చి ఉంటుందని నా ఊహ. 1970లో కథానాయిక మొల్ల తీశారు. చివరికి నిర్మాణంలో బాగా నష్టపోయారు. హాస్యంలో సంపాదించినది అందులో పోయింది. 2010 ఫిబ్రవరి 20న చెన్నైలో కన్నుమూశారు.

మొన్న టీవీలో పాతాళభైరవి వస్తే, మాంత్రికుడి పక్కనున్నాయనది మన సింహాద్రిపురమని మనవడికి చెప్పాను. ఎక్కడుందో పటంలో చూపమన్నాడు.