గ్రహణి, రేచీకటి, ఎల్లాప్రగడ సుబ్బారావుగారు

గుంటూరు, ప్రకాశము మండలముల ప్రత్తి, మిరప రైతుల యిండ్లలో కడుపు చెడినవానికి మొదట విధించునది పథ్యము. కారము మాన్పింతురు, మంచిదే. పిమ్మట నేయి, పాలు, ఆకుకూరలు సైతము మాన్పింతురు. నెలల తరబడి గంజియు, పలుచని మజ్జిగయు త్రాగిన రోగి విరేచనములు కట్టినవని సంతసించునంతలో, మునిమాపువేళ గడప కానరాక తడబడును. దానిని వేరొక జబ్బుగా నెంచుట మనవారి వాడుక. ఈ రెండింటికి గల చుట్టరికమును గుర్తెరుగుటకు ఎల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము మిక్కిలి తోడ్పడునని మా తలంపు.

ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నమున గాని నెగ్గలేదు. మదరాసు వైద్యకళాశాలలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించి శస్త్రచికిత్సకు నిలిచిరి. ఆచార్యుడగు దొరగారి కది గిట్టలేదు; ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కక ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. గ్రహణి ఆయన యిరువురు సోదరులను కొద్ది దినముల తేడాలో బలిగొనెను. ఆయనకును అదే వ్యాధి సోకగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రదికిరి. అనంతరము మామగారి ద్రవ్యముతోను, కాకినాడ మల్లాడి సత్యలింగము నాయకరుగారి ధర్మనిధి సాయముతోను అమెరికా కేగిరి. భార్యను విడిచి వెళ్లిన ఆయన మరల స్వదేశమును చూడలేదు.

హార్వర్డులో ఫిస్కేతో గూడి రక్తమందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో వెల్లడించిరి. అట్టివానికి అచట స్థిరమైన ఆచార్యపదవి దొరకలేదు. 1940లో లెడర్లీ ఔషధశాలకు చేరిరి. 1945లో ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. లాటిను భాషలో ఆకు అను పదమునుండి దానికి పేరు వచ్చినది. మన పథ్యము నిషేధించు ఆకుకూరలలోనే అది యున్నది! తన సోదరులను చంపిన గ్రహణికి అదియే మందాయెను. రక్తము వృద్ధియయ్యెను, నాలుక పూత మానెను.

అయితే, యీ విజయమునకు హద్దు గలదు. గ్రహణిలో ప్రేగు క్రొవ్వును పీల్చుకొనలేదు. క్రొవ్వుతో గాని ఒంటబట్టని ‘ఎ’ విటమిను వృథాగా వెడలిపోవును, రేచీకటి కలుగును. ఫోలిక్ ఆమ్లము దానిని పూరింపజాలదు. ‘బి’ 12 విటమిను లోపించినవానికి ఫోలిక్ ఆమ్ల మొక్కటియే యిచ్చిన యెడల నింకొక మోసము గలదు. రక్తము బాగుపడి ముఖము తేటబడును. వెన్నుపాము, నాడులు, ఒక్కొక్కప్పుడు దృష్టినాడి లోలోపల చెడుచునే యుండును. 1940ల చివరనే వైద్యులు దీనిని కనుగొనిరి. సుబ్బారావుగారి బృందము కాలేయసారమున వెదకిన ఆ రెండవ వస్తువు, ‘బి’ 12, 1948లో అమెరికా, ఇంగ్లండులలోని అన్యుల చేజిక్కెను. ఆ యేటి ఆగస్టులోనే న్యూయార్కున ఆయన కన్నుమూసిరి. అప్పటికి వయస్సు 53 సంవత్సరములు.

నేడు గ్రహణికి ఫోలిక్ ఆమ్లముతో గూడ టెట్రాసైక్లిన్ జాతి మందు నిత్తురు. ఆ జాతిలో మొదటిదగు ఆరియోమైసిన్ సైతము ఆయన పరిశోధనాధ్యక్షతన వెలువడినదే. ‘బి’ 12 కొరవడినవారికి సూదిమందుగా నిత్తురు. వ్రణమునకో, స్థూలకాయమునకో జీర్ణకోశమును కోయించుకొనినవారికి గూడ నీ వెలితులే వచ్చును. కాలేయమున నిలువయున్న ‘బి’ 12 కొన్ని యేండ్లవరకు సరిపోవుటచే, శస్త్రచికిత్స మరచిన పిమ్మట అరికాళ్లు తిమ్మిరెక్కును, చూపు మందగించును. అట్టివాడు కండ్లజోడు మార్పించుకొనుటకు పోవును గాని, ఎన్నడో కడుపు కోయించుకొంటినని వైద్యునితో చెప్పడు.